ఆవు పాలు పసుపుగా, గేదె పాలు తెల్లగా ఎందుకుంటాయి?

పచ్చిగడ్డిలోని బీటా కెరోటిన్ అనే పసుపు పదార్థాన్ని గేదె దాదాపు మొత్తం రంగులేని విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది, ఆవు మాత్రం కొంత అలాగే పాలలోకి వదిలేస్తుంది.

కెరోటిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే పాలలో లేతగా కనిపించే పసుపు, వెన్న తీసేసరికి చిక్కబడుతుంది. ఒకే గట్టున ఒకే గడ్డి మేసినా ఆవు వెన్న పసుపుముద్దలా, గేదె వెన్న మల్లెపువ్వులా ఉంటాయి. అదే ఆవుకి వేసవిలో ఎండు వరిగడ్డే దిక్కయితే దాని పాలు కూడా తెల్లబడతాయి. గడ్డి ఎండేటప్పుడే కెరోటిన్ చాలావరకు పోతుంది మరి.

పసుపుగా ఉంటే వెన్నశాతం ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి తెల్లటి గేదె పాలలోనే వెన్న ఎక్కువ: మామూలుగా 6 నుంచి 8 శాతం. ఆవు పాలలో 4 శాతం అటూఇటూ. తెల్లటి నెయ్యి చూడగానే వనస్పతి కలిపారనడం కూడా తొందరపాటే. అది గేదె నెయ్యి అయ్యుండొచ్చు. కల్తీ సంగతి పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది, రంగు చూసి చెప్పలేం.