ప్రతి ఆదివారం ఒప్పుకుంటున్నా, మళ్ళీ అదే పాపంలో పడుతున్నా. నేను నిజంగా రక్షించబడ్డానా?

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళయింది. రాత్రుళ్ళు ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నావు, ఐపీఎల్ వస్తే పందేలు కాస్తున్నావు, ఇంట్లో డబ్బు కూడా తీశావు. ఆదివారం గుడిలో ఏడుస్తావు, బుధవారానికి మళ్ళీ మొదటికే. సిగ్గుతో ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారానికి కూడా దూరంగా ఉంటున్నావు.

రక్షణ సంగతి ముందు చెప్తా. గలతీ 5:17 విశ్వాసులకు రాసిన మాట. శరీరమూ ఆత్మా ఒకదానికొకటి విరోధమని అక్కడ సూటిగా ఉంది. నీలో పోరాటం ఉన్నంత మాత్రాన నువ్వు దేవుని బిడ్డవు కాకుండా పోవు.

అసలు లోపం వేరే చోట ఉంది. మన సంఘాల్లో పాపాన్ని ఆఖరి మెట్టు దగ్గర పట్టుకుంటారు. ఏడుపూ ఉపవాసమూ అన్నీ పడ్డాకే. 2 సమూయేలు 11 నిదానంగా చదువు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు తన సేనాపతి యోవాబును పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. పొద్దుగూకే వేళ పడక మీంచి లేచి మిద్దె మీద తిరుగుతూ, స్నానం చేస్తున్న ఒకామెను చూశాడు. అప్పుడే దిగిపోయుంటే అక్కడికి సరిపోయేది. ఆమె ఎవరో కనుక్కురమ్మని మనిషిని పంపాడు. తన సైన్యంలోని ఊరియా భార్య అని జవాబొచ్చింది. ఆగడానికి అదింకో అవకాశం, అయినా పిలిపించాడు. గర్భవతినని ఆమె కబురు పెట్టాక ఊరియాను యుద్ధం నుంచి రప్పించి ఇంటికి పొమ్మన్నాడు. అతను రాజనగరి వాకిలి దగ్గరే పడుకున్నాడు. తాగించినా ఇంటికి పోలేదు. చివరికి అతని చావు రాసిన ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు. మొదట కళ్ళు తిప్పుకుంటే చాలు. చివర్లో ఒక ప్రాణం పోయింది.

కాబట్టి ఒక వారం కాగితం మీద రాసుకో: ఎన్ని గంటలకు, ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది. చాలామందికి ఒకే వరస బయటపడుతుంది: పదకొండు దాటాక, ఒంటరిగా, ఎవరితోనో మాట పడిన రోజు. మన సీమ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఇంటిల్లిపాదీ మిద్దె మీదే పడుకుంటారు, ఒక మూల దుప్పటి కింద ఫోన్ వెలుగుతుంటుంది. ఫోన్ కింద హాల్లో చార్జింగుకు పెట్టి పైకి పో. అలారం కావాలంటే ఒక చిన్న గడియారం కొనుక్కో. యాప్ లాక్ పాస్‌వర్డ్ వేరేవాళ్ళతో పెట్టించు, నువ్వే పెట్టుకుంటే పదకొండింటికి నువ్వే తీస్తావు.

పందేల సంగతి. ఆన్‌లైన్ జూదాన్ని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, కానీ యాప్ పోయినా వాట్సాప్‌లో నడిపేవాడు ఉంటాడు. గ్రూపులోంచి వచ్చేస్తే చాలదు, వాడి నంబరు బ్లాక్ చెయ్యి. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించు. మళ్ళీ లాగేది పోయినదాన్ని రాబట్టాలనే ఆశే. అది పోయింది, వదిలెయ్.

ఇంట్లో తీసింది మాత్రం కట్టాలి. లేవీయకాండము 6:5 లెక్క: అసలుతో పాటు అందులో ఐదో వంతు. 5,000 తీసుంటే 6,000. నెలకు 500 చొప్పున ఏడాదిలో తీరుతుంది. కన్నీళ్ళతో సరిపెట్టుకుని ఈ పని ఎగ్గొట్టడం మన సంఘాల్లో మామూలైపోయింది.

యాకోబు 5:16 ప్రకారం ఒక మనిషి ముందు ఒప్పుకో. నీకంటే పెద్దవాడు, నోరు జారనివాడు కావాలి. వారానికోసారి కూర్చుని ‘చూశావా? ఎన్నిసార్లు? ఎంత పెట్టావు?’ అని ఆయన అడగాలి. ‘శోధనల్లో ఉన్నా, ప్రార్థించండన్నా’ అంటే అది ఒప్పుకోలు కాదు. మైకు ముందు మాత్రం వద్దు. ఒక్క రాత్రిలో అంతా పోయిందని చెప్పే సాక్ష్యాలు విని ఎంతమంది పిల్లలు కుంగిపోతున్నారో ఆ కూటాలు పెట్టేవాళ్ళు ఆలోచించాలి.

నువ్వు అడగకపోయినా తాగుడు గురించి ఒక మాట. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాణ్ణి ఉన్నపళంగా మాన్పించి మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడుతున్నారు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో మూడో రోజు లేనివి కనబడతాయి. దాన్ని దయ్యమనుకుని నీళ్ళు కూడా ఇవ్వకపోతే ప్రాణమే పోతుంది. ముందు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి, మందులతో మాన్పిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మంచం పక్కన కూర్చుని ఎంతసేపైనా ప్రార్థించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పందేల అలవాటుకూ అక్కడే అడగొచ్చు.

ఇక బల్ల. 1 కొరింథీ 11:28లో పరీక్షించుకుని తినమని ఉంది, పరీక్షించుకుని మానెయ్యమని లేదు. సీయెస్సై (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధన క్రమంలో బల్లకు ముందు అందరూ కలిసి పాపాలు ఒప్పుకునేది ఇందుకే. వచ్చే సంస్కారపు ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రమే ఆ పెద్దమనిషికి చెప్పాల్సింది చెప్పి, అమ్మ చేతిలో మొదటి 500 పెట్టి, పొద్దున్నే పోయి బల్లలో పాలుపొందు.