ఇజ్రాయెల్ యెషీవాకు చందా: చెక్కు ఎవరి పేరున రాయాలి?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నేను హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. మా ఆవిడకి ఆపరేషన్ అయినప్పుడు, పక్కనే హైలాండ్ పార్క్‌లో ఉండే నా కొలీగ్ కుటుంబం మా పిల్లలిద్దర్నీ వాళ్ళింట్లో పెట్టుకుని చూసుకుంది. వాళ్ళు నిష్ఠగల యూదులు. వాళ్ళ బంధువుల పిల్లలు చదివే యెషీవా (మతపాఠశాల) ఇజ్రాయెల్ ఉత్తర సరిహద్దులో ఉంది. 2023 అక్టోబర్‌లో ఊరు ఖాళీ చేయించినప్పుడు బడి కూడా చెల్లాచెదురైంది. ఇప్పుడు మళ్ళీ నిలబెట్టుకోవడానికి విరాళాలు అడుగుతున్నారు. 5,000 డాలర్లు ఇద్దామనుకుంటున్నాం. అక్కడి బ్యాంకు ఖాతా నంబర్ పంపించారు. నేరుగా వైర్ చేస్తే టాక్స్ మినహాయింపు వస్తుందా? మా ఆవిడ ఒక పిల్లవాడి ఫీజు కట్టేద్దాం అంటోంది. వచ్చే నెల వాళ్ళు పెట్టే డిన్నర్‌కి టికెట్ 360 డాలర్లు, అది కూడా చందా కిందకే వస్తుందా? గుంటూరులో ఉన్న మా నాన్నగారు తన వంతు లక్ష రూపాయలు ఇస్తానంటున్నారు. ఆయనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్న యూదులకి కూడా ఎంతో కొంత పంపమంటున్నారు. వీటివల్ల నా వీసాకి ఏమైనా ఇబ్బందా?

జవాబు: వీసా సంగతి ముందే తేల్చేస్తాను, ఉత్తరం చదివితే మీ అసలు టెన్షన్ అదేనని తెలుస్తోంది. విరాళం ఇవ్వడం ఉద్యోగం కాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఏ మత సంస్థకైనా ఇవ్వొచ్చు. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడే ఉంటారు కాబట్టి టాక్స్ విషయంలో మీరు రెసిడెంటే. పౌరులకున్న మినహాయింపులే మీకూ వర్తిస్తాయి.

ఇక ఆ ఖాతా నంబర్. దానికి డబ్బు పంపడం నేరమేమీ కాదు, కానీ పంపితే మినహాయింపు మాత్రం రాదు. అమెరికా పన్ను చట్టం సెక్షన్ 170 ప్రకారం విరాళం అందుకునే సంస్థ అమెరికాలో ఏర్పడినదై ఉండాలి. ఇజ్రాయెల్‌లో ఎంత పేరున్న విద్యాసంస్థ అయినా అది విదేశీ సంస్థే. ‘ఇజ్రాయెల్‌తో పన్ను ఒప్పందం ఉంది కదా, నేరుగా ఇచ్చినా మినహాయింపు వస్తుంది’ అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. ఒప్పందం ఉన్న మాట నిజమే. కెనడా, మెక్సికో, ఇజ్రాయెల్ ఈ మూడు దేశాల సంస్థలకే ఆ వెసులుబాటు ఉంది. అయితే ఇజ్రాయెల్ విషయంలో, అక్కడి నుంచి మీకు వచ్చే ఆదాయంలో 25 శాతం వరకే మినహాయింపు. మీ జీతమంతా న్యూజెర్సీ జీతం. అంటే మీకు ఆ 25 శాతం సున్నాలో 25 శాతం.

అందుకే ఇజ్రాయెల్‌లోని పెద్ద యెషీవాలు, ఆసుపత్రులు, యూనివర్సిటీలు చాలావాటికి అమెరికాలో ‘అమెరికన్ ఫ్రెండ్స్ ఆఫ్’ అన్న పేరుతో మొదలయ్యే ఒక సోదర సంస్థ ఉంటుంది. అది 501(సి)(3) గుర్తింపు (ధర్మసంస్థగా పన్ను మినహాయింపు) పొందిన అమెరికన్ సంస్థ. మీరు దానికి ఇస్తారు, అది అక్కడికి పంపుతుంది. చూడ్డానికి ఇది ఒట్టి పోస్టాఫీసు పనిలా కనిపిస్తుంది కానీ, పోస్టాఫీసు పని మాత్రమే చేస్తే మినహాయింపు పోతుంది. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) 1963లో ఇచ్చిన ఒక రూలింగ్ ఇప్పటికీ దీనికి ఆధారం. అమెరికన్ సంస్థ వచ్చిన డబ్బు వచ్చినట్టు విదేశానికి పంపే గొట్టంగా ఉంటే, చట్టం దృష్టిలో మీరు ఇచ్చింది ఆ విదేశీ సంస్థకే. అలా కాక, అమెరికన్ సంస్థ బోర్డు ఇజ్రాయెల్ సంస్థ పనిని ముందే పరిశీలించి, ఇది మన ఆశయాలకు తగినదే అని ఆమోదించి, డబ్బు ఎలా ఖర్చయిందో లెక్క అడిగే అధికారం తన చేతిలో ఉంచుకుంటే, మీరు ఇచ్చింది ఈ అమెరికన్ సంస్థకే.

కాబట్టి మీ కొలీగ్‌ని అడగాల్సింది ఒక్కటే: ఈ యెషీవాకి డబ్బు పంపడానికి ఏ అమెరికన్ సంస్థ బోర్డు తీర్మానం చేసింది? పేరు చెప్తే ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్లో పన్ను మినహాయింపు సంస్థలను వెతికే పేజీ ఉంది, అందులో చూడండి. పేరుతో కాకుండా ఈఐఎన్ (సంస్థకిచ్చే పన్ను గుర్తింపు) నంబర్‌తో వెతకండి, ఈ రంగంలో ఒకేలాంటి పేర్లు బోలెడు. ఆ సంస్థ ఏటా దాఖలు చేసే రిటర్న్, ఫారం 990, బహిరంగ పత్రమే. విదేశాల్లో పెద్ద మొత్తాలు ఖర్చు చేసే సంస్థ దానికి షెడ్యూల్ ఎఫ్ జతచేయాలి. పంపిన సొమ్ము ఎలా ఖర్చయిందో తామెలా కనిపెట్టి చూస్తున్నామో అందులో రెండు మూడు వాక్యాల్లో రాస్తారు. నేనైతే మిగతా అంకెలకంటే ముందు ఆ వాక్యాలే చదువుతాను.

చందా హైలాండ్ పార్క్‌లోని సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ద్వారా వసూలు చేస్తుంటే దాని పేరు ఆ జాబితాలో కనపడకపోవచ్చు. కంగారు పడకండి. ప్రార్థనా మందిరాలు గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు, ఫారం 990 కూడా వేయనక్కర్లేదు. వాటికిచ్చిన విరాళానికి మినహాయింపు ఉంటుంది. కాకపోతే చెక్కు సినగాగ్ పేరున ఉండాలి. రబ్బీగారి (మతగురువు) సొంత పేరున రాస్తే అది ఒక మనిషికి మీరిచ్చిన బహుమతి అవుతుంది.

చెక్కు కింద మెమో గీత మీద ఏం రాస్తారో కూడా చూసుకోవాలి. ‘ఫలానా యెషీవాకే పంపాలి, లేకపోతే వాపసు ఇవ్వాలి’ లాంటి షరతు రాయకండి. బోర్డు ముందే ఆమోదించిన ప్రాజెక్టు అయితే దాని పేరు రాయవచ్చు. లేదంటే ‘ఈ పనికి వాడితే సంతోషం’ అన్న ధోరణిలో, తుది నిర్ణయం బోర్డుదే అన్నట్టు ఉండాలి.

ఇప్పుడు మీ ఆవిడగారి ఆలోచన. మంచి మనసుతో అన్న మాటే, కానీ పన్ను చట్టం దగ్గర అది చెల్లదు. ఒక పిల్లవాడి పేరు చెప్పి అతని ఫీజు కడితే అది ఆ కుటుంబానికి మీరు చేసిన సాయం, ధర్మసంస్థకిచ్చిన విరాళం కాదు. డబ్బు అమెరికన్ సంస్థ ద్వారా వెళ్ళినా అంతే. దానికి బదులు ‘అవసరంలో ఉన్న విద్యార్థుల ఫీజుల నిధి’కి ఇవ్వండి. ఎవరికి ఇవ్వాలో వాళ్ళ కమిటీ తేలుస్తుంది. ఆ పిల్లవాడికే రావచ్చు, రాకపోవచ్చు.

ఫీజు వేరు, చందా వేరు అన్న గీత మీద అమెరికా కోర్టుల్లో పెద్ద పోరాటమే జరిగింది. లాస్ ఏంజెలెస్‌కి చెందిన ఒక యూదు దంపతులు తమ పిల్లల్ని సంప్రదాయ యూదు బడుల్లో చదివించారు. అక్కడ పొద్దున తోరా, తాల్ముద్ లాంటి మతపాఠాలు, తర్వాత లెక్కలు, సైన్సు. రోజులో సగం పైన మతబోధే కదా, ఫీజులో 55 శాతం మతానికిచ్చిన కానుకగా లెక్కేయండి అని 1995 సంవత్సరానికి సుమారు 15,000 డాలర్ల మినహాయింపు కోరారు. వాళ్ళ వాదనకి ఒక బలమైన ఊతం కూడా ఉంది: 1993లో సైంటాలజీ చర్చితో ఐఆర్‌ఎస్ ఒప్పందం చేసుకుని, ఆ చర్చి సభ్యులు మతపరమైన శిక్షణకి కట్టే రుసుములకు మినహాయింపు ఒప్పుకుంది. వాళ్ళకి ఇచ్చింది మాకెందుకివ్వరు అన్నది ప్రశ్న. న్యాయంగా చూస్తే ప్రశ్నలో పస ఉందనే నేనంటాను. అయినా స్క్లార్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 2008లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఒప్పుకోలేదు. కట్టిన ఫీజుకి బదులుగా పిల్లలకి చదువు దక్కింది, బదులు దక్కినదాన్ని కానుక అనలేం అంది. మీ కొలీగ్ తన పిల్లలకి అక్కడి యూదు బడిలో వేలకి వేలు కడుతూ పైసా మినహాయింపు పొందలేకపోవడం ఇందుకే.

డిన్నర్ టికెట్‌కీ ఇదే సూత్రం. 360 డాలర్లలో మీరు తినే భోజనం విలువ 90 అనుకుంటే మినహాయింపు 270కే. 75 డాలర్లు దాటిన ఇలాంటి టికెట్లకి భోజనం విలువ ఎంతో సంస్థే రాసివ్వాలి, అడగండి. అక్కడ లాటరీ టికెట్లు కూడా అమ్ముతారు, వాటికి ఏమీ రాదు. 360 అన్న అంకె చూసి ఆశ్చర్యపోకండి, యూదులు 18 గుణిజాల్లో ఇస్తారు. హీబ్రూలో ‘జీవం’ అన్న మాటకు అక్షరాల విలువ 18. మనం నూటపదహార్లు చదివించినట్టే.

నిరాశ్రయుల కోసం ఇచ్చే డబ్బులో ఇంకో చిక్కుంది. 2023 అక్టోబర్‌లో కిర్యత్ ష్మోనా లాంటి సరిహద్దు ఊళ్ళను ఖాళీ చేయించి, జనాన్ని హోటళ్ళలో పెట్టారు. 2024 నవంబర్ 27న కాల్పుల విరమణ తర్వాత 2025లో చాలామంది తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పట్లో ‘హోటల్ వసతి నిధి’ అని వసూలు చేసిన సొమ్ము మిగిలితే దాన్ని తరగతి గదుల మరమ్మతుకి వాడొచ్చా? నిధి ఉద్దేశాన్ని ఇరుగ్గా రాసుకుంటే ఇబ్బందే. ఇంతకుముందు జరిగింది చూడండి: 2005 ఆగస్టులో ఇజ్రాయెల్ ప్రభుత్వం గాజాలోని తన పౌరులు నివసించే 21 స్థావరాలను ఖాళీ చేయించింది. ఎనిమిది వేల పైచిలుకు మంది కదిలారు. ఇజ్రాయెల్‌లోని నిత్సాన్‌లో వేసిన తాత్కాలిక ఇళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి ఉన్నారు, 2010లో విచారణ సంఘం ప్రభుత్వాన్నే తప్పుపట్టింది. చందాలు మొదటి కొన్ని నెలల్లో వెల్లువెత్తుతాయి, అవసరం మాత్రం పదేళ్ళు సాగుతుంది. అందుకే ‘కదలాల్సి వచ్చిన విద్యార్థుల చదువు, వసతి, పునరావాసం’ అని విశాలంగా రాసుకున్న నిధిని ఎంచుకోండి. రేపు మీరు గాజాలోనో దక్షిణ లెబనాన్‌లోనో ఇళ్ళు పోయినవాళ్ళకి ఇవ్వాలనుకున్నా సూత్రాలు ఇవే. ఎక్కడికైనా సరే, అందుకునే సంస్థ పేరు అమెరికా ఆర్థికశాఖ ఆంక్షల జాబితాలో లేదని చూసుకోండి, రెండు నిమిషాల పని.

మినహాయింపు వస్తుంది సరే, ఎంత వస్తుంది? 2026 నుంచి లెక్క మారింది. ఐటమైజ్ చేసేవాళ్ళకి (స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపేవాళ్ళకి), సర్దుబాటు చేసిన ఆదాయంలో అర శాతం పోగా మిగిలిన విరాళానికే మినహాయింపు. మీ ఇద్దరి ఆదాయం 2 లక్షల డాలర్లయితే మొదటి వెయ్యి పోతుంది, 5,000లో 4,000 లెక్కలోకి వస్తుంది. ఐటమైజ్ చేయకపోతే భార్యాభర్తలకి కలిపి 2,000 వరకు. సొంత ఇల్లుంటే, ఎడిసన్ ప్రాపర్టీ టాక్సులకీ హోమ్ లోన్ వడ్డీకీ ఐటమైజ్ చేయడమే లాభం కావచ్చు, మీ సీపీఏని (అకౌంటెంట్‌ని) అడగండి. న్యూజెర్సీ రాష్ట్ర పన్నులో మామూలు విరాళాలకు మినహాయింపు ఉండదు.

నాన్నగారి లక్ష సంగతి. రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ పథకం కింద, ఇండియాలో ఉండే వ్యక్తి ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకి పంపొచ్చు, విరాళాలు కూడా అందులోకే వస్తాయి. పాన్ కార్డుతో బ్యాంకుకెళ్ళి ఫారం ఏ2 ఇస్తే చాలు. పది లక్షలు దాటితేనే టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పడుతుంది. విరాళాలకు మన ఆదాయపన్ను చట్టం ఇచ్చే మినహాయింపు (పాత చట్టంలో 80జీ) మాత్రం రాదు. అది ఇండియాలోని సంస్థలకే, అందులోనూ ఒక మతంవాళ్ళ కోసమే అని పెట్టిన సంస్థలకు వర్తించదు. అమెరికాలో మతబడికి ఇచ్చినా మినహాయింపు ఉంటుంది, మన దగ్గర ఉండదు. రెండు దేశాల చట్టాలూ మతధర్మాన్ని వేరువేరుగా చూస్తాయి.

ఇక్కడ మనవాళ్ళు మామూలుగా చేసే పని ఒకటుంది: ‘నువ్వక్కడ డాలర్లు ఇచ్చేయ్, నేనిక్కడ నీ చెల్లెలికి రూపాయలు ఇచ్చేస్తాను.’ ఆ సర్దుబాటు వద్దు. బ్యాంకు దారి కాకుండా ఇలా లెక్క సరిచేసుకోవడం ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) సెక్షన్ 3కి తగులుతుంది. లక్ష రూపాయలకి ఎవరూ రారనుకోవచ్చు, కానీ అవసరం లేని రిస్క్. నాన్నగారు బ్యాంకు ద్వారా నేరుగా పంపడమే సుఖం.

కొత్తరెడ్డిపాలెం విషయానికొస్తే, అక్కడ బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం, వాళ్ళ ప్రార్థనా మందిరం ఉన్నాయి. మీరు భారతీయ పౌరులుగా ఉన్నంతకాలం, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద ‘విదేశీ విరాళం’ కాదు. రేపు అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డున్నా సరే, మీరు విదేశీ దాతే. అప్పుడు తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, ఢిల్లీ పార్లమెంట్ వీధిలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. లేకుండా తీసుకుంటే ఇరుక్కునేది వాళ్ళు. అమెరికాలో దీనికి మినహాయింపు రాదు.

250 డాలర్లు, ఆ పైన ఇచ్చిన ప్రతి విరాళానికీ సంస్థ నుంచి ఉత్తరం ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే సరిపోదు. అందులో ఎంత ఇచ్చారో, బదులుగా మీకేమైనా ఇచ్చారో లేదో స్పష్టంగా రాసి ఉండాలి. రిటర్న్ వేసేలోపు అది మీ చేతిలో ఉండాలి, తర్వాత తెచ్చుకున్నది చెల్లదు. డబ్బు పంపే ముందు మీ ఆఫీసు హెచ్ఆర్‌ని ఒకసారి అడగండి. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలుపుతాయి, కానీ కొన్ని మతసంస్థలకి కలపవు. వసతి, పునరావాసం చూసే విభాగానికైతే కలపవచ్చేమో కనుక్కోండి.