ఫెయిర్‌బ్యాంక్స్ వసంతం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోకు. కానీ అలాస్కా నడిబొడ్డున ఉంటూ నువ్వు రాసిన వసంతంలో చిగుళ్లు, పూలు, పక్షుల పాటలు తప్ప ఏమీ లేవు. ఊరి పేరు తీసేస్తే అది ఏ ఊరికైనా సరిపోతుంది.

ఇక్కడ ఉగాది నాటికి ఇంకా మోకాలి లోతు మంచు ఉంటుంది, పచ్చడిలోకి ఇంటి నుంచి వచ్చిన ఎండు వేపపువ్వే దిక్కు. ఆ తర్వాత వచ్చేది బురద. ఏప్రిల్ అంతా పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకడుతూ, అక్టోబర్ నుంచి మంచు కింద పడి ఉన్న ఒంటి గ్లవ్స్, కాఫీ కప్పులు, కుక్కల పెంటలు అన్నీ బయటపడతాయి. వెలుతురు రోజుకు దాదాపు 7 నిమిషాలు పెరుగుతుంది, జనానికి నిద్ర పట్టదు. చలికాలమంతా ఎక్కడో దాగి బతికిన పెద్ద దోమలు మత్తుగా ఎగురుతూ వస్తాయి. మే నెలలో, రెండు మూడు రోజుల్లోనే, కొండ మీది బిర్చ్ చెట్లన్నీ పచ్చబడతాయి, ఆ వెంటనే పుప్పొడికి సగం ఊరు తుమ్ముతుంది. ఇవన్నీ రాయి. అందంగా లేదని బురదను వదిలేస్తే ఆ పచ్చదనం ఎంత గొప్పదో చదివేవాడికి తెలియదు.

రెండో మాట నాకు ఇంకా ముఖ్యం. చరిత్రను నువ్వు చివర్లో ఒక పేరాలో విడిగా పెట్టావు, 1902లో ఫెలిక్స్ పెడ్రోకు బంగారం దొరికింది, ఊరు పెరిగింది అని. ఇక్కడ రుతువునూ చరిత్రనూ అలా విడదీయలేం. నువ్వు కొంగలు చూశానని రాసిన క్రీమర్స్ ఫీల్డ్ ఒకప్పుడు పాల డైరీ, 1966లో అది అమ్మకానికి వస్తే పక్షుల చోటు పోకూడదని ఊరి జనం డబ్బులు పోగుచేశారు. ఏప్రిల్‌లో బాతులు దిగే పొలం వెనుక ఇంత కథ ఉంటే నువ్వు కొంగ మెడ వంపు దగ్గరే ఆగిపోయావు!

నెనానా అనే ఊరి సంగతి చూడు. ఇక్కడికి సుమారు 90 కిలోమీటర్లు. 1917లో రైల్వే పనిలో ఉన్న ఇంజనీర్లు తనానా నది మంచు ఎప్పుడు కదులుతుందో పందెం కాశారు, అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది. మంచు మీద కర్రల చట్రం నిలబెట్టి (పేరుకు ట్రైపాడ్, అంటే మూడు కాళ్లది, కాళ్లు మాత్రం నాలుగు) దాని తీగను ఒడ్డున గడియారానికి కడతారు, చట్రం కదిలితే గడియారం ఆగిపోతుంది. సరదా పందెం కాస్తా నూరేళ్లు దాటిన వాతావరణ రికార్డు అయింది. 2013లో మే 20 దాకా కదలని మంచు 2019లో ఏప్రిల్ 14కే కదిలింది. వాతావరణ మార్పు గురించి నువ్వు రాసిన మూడు పేరాల కంటే ఈ రెండు తేదీలు ఎక్కువ చెబుతాయి.

అదే రైల్వే గురించి ఇంకో కథ ఉంది. 1915 జులైలో, చేనా నది పక్కన ఇప్పటికీ నిలబడి ఉన్న ఆ చిన్న లైబ్రరీలో, తనానా లోయ మూలవాసులైన అథబాస్కన్ పెద్దలు, అప్పట్లో అమెరికా కాంగ్రెస్‌లో అలాస్కా ప్రతినిధి అయిన జేమ్స్ వికర్‌షామ్‌తో కూర్చుని మాట్లాడారు. రైలు వస్తే తెల్లవాళ్లు ఇంకా వస్తారు, భూములు పోతాయి, రిజర్వేషన్ (మీకంటూ హద్దులు గీసి కేటాయించే భూమి) తీసుకోండి అని ఆయన అంటే, వాళ్లు ఒక్కచోట కట్టేసినట్టు ఉండలేమన్నారు. చేపల కాలానికి ఒకచోట, వేట కాలానికి ఇంకోచోట తిరిగే బతుకు వాళ్లది. రుతువుల గురించి ఇంత సూటిగా మాట్లాడినవాళ్లు ఈ లోయలో ఇంకెవరున్నారు? నువ్వు క్లాసులకు వెళ్లే కొండ మీద కూడా వాళ్ల పెద్దలు దుంపలు తవ్వుకునేవారు. వాళ్ల మనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు, కాబట్టి "ఒకప్పుడు ఇక్కడ ఉండేవారు" అని భూతకాలంలో రాయకు, ఆ వాక్యం కొట్టెయ్.

మీ క్యాంపస్‌లోని రాస్ముసన్ లైబ్రరీలో పెద్దల గొంతుల రికార్డింగులు ఉన్నాయి. రాసే ముందు అవి విను, సినిమా చూసినట్టు కాదు, నోట్‌బుక్ పెట్టుకుని విను. నెనానా మంచు ఇంకా కదల్లేదు, వచ్చే శనివారం మేం వెళ్తున్నాం, కారులో ఒకరికి చోటుంది. వస్తానంటే శుక్రవారం లోపు చెప్పు, రబ్బరు బూట్లు మర్చిపోకు.

మీ అన్న