బెంగళూరులో పాత స్ప్లిట్ కేన్ గాలపు కర్ర కొనొచ్చా? బాగుచేసి చేపలు పట్టొచ్చా?

ఆదివారం బజారులో మూడు ముక్కల పాత ఇంగ్లిష్ రాడ్ చూశానని, నాలుగు వేలు అడుగుతున్నారని రాశారు. లైన్ (గాలపు దారం) వెళ్ళే రింగులను కర్రకు కట్టిన దారాలు ఊడిపోయాయి, వార్నిష్ పొలుసులు లేచింది, పై ముక్క కాస్త వంగింది అన్నారు. వీటిలో ఏ ఒక్కదానికీ భయపడక్కర్లేదు, అన్నీ ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగినవే. అసలు చూడాల్సినవి మీరు రాయని రెండు: లోపలి బంక, ముక్కలు కలిసే చోట ఉండే ఇత్తడి ఫెర్రూల్. అవి గట్టిగా ఉంటే బేరమాడి తీసుకోండి. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఇలాంటివి కొంటూ, బాగుచేసుకుంటూ, వాటితోనే చేపలు పడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

స్ప్లిట్ కేన్ అంటే మన ఊళ్ళో గాలం కట్టే వెదురు బొంగు కాదు. గట్టి వెదురును నిలువునా చీల్చి, ఆరు ముక్కోణపు బద్దలుగా చిత్రిక పట్టి, పిడి నుంచి కొస దాకా సన్నబడేలా తీర్చి, ఆరింటినీ అతికిస్తారు. అడ్డంగా కోస్తే ఆరు పలకలు కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో దీనికి కలకత్తా నుంచి ఎగుమతైన వెదురు వాడేవారు. ఆ తర్వాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు పెరిగే టోంకిన్ వెదురు వచ్చి దాని చోటు తీసుకుంది. వెదురు చేవంతా పై చర్మానికి ఆనుకుని ఉన్న పీచులోనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకో కింద చెబుతాను.

పాతకాలపు రాడ్లను తోలు, ఎముకలు కాచి తీసిన బంకతో అతికించేవారు. దానికి తేమ పడదు. అందుకే బాగా పాతవాటికి అంగుళానికొక చోట పట్టుదారం చుట్టి ఉంటుంది. బంక వదిలినా బద్దలు విడిపోకుండా అదొక కట్టు. దుకాణం దగ్గర ఒక్కో ముక్కను రెండు చేతులతో పట్టుకుని చాలా మెల్లగా మెలితిప్పినట్టు చేసి చెవి దగ్గర పెట్టండి. టిక్కుమన్నా, కిర్రుమన్నా లోపల అతుకు వదిలిందని అర్థం. బద్దల మధ్య గీతలో గోరు దిగితే కూడా అంతే. తర్వాత ముక్కలను పక్కపక్కన నిలబెట్టండి. సాధారణంగా మూడూ సమానంగా ఉండాలి. పై ముక్క మాత్రమే పొట్టిగా ఉంటే ఎప్పుడో కొస విరిగి, రింగు కిందికి జరిపారన్నమాట. నా మొదటి రాడ్ అలాంటిదే. నాలుగు అంగుళాలు తక్కువని ఇంటికొచ్చి కొలిచాకే తెలిసింది. కొసన అకీకు రాయి పొదిగిన రింగు ఉంటే అందులోంచి దూది లాగి చూడండి. పగులుంటే పోగు పట్టేస్తుంది, రేపు మీ లైన్‌ను కూడా అదే కోసేస్తుంది. ఫెర్రూల్ తీస్తుంటే సీసా బిరడా తీసినట్టు చిన్నగా 'టప్' మనాలి. వదులుగా కదిలితే ధర సగానికి తగ్గించమని అడగండి. పిడి దగ్గర హార్డీ, ఆల్‌కాక్, మిల్‌వార్డ్ లాంటి పాత ఇంగ్లిష్ తయారీదారుల పేరేదైనా ఉంటే మంచిదే. నగిషీ చెక్కపెట్టెలో వచ్చే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జపాన్ రాడ్ల జోలికి మాత్రం పోవద్దు. చూడటానికి ముచ్చటగా ఉన్నా నీళ్ళ దగ్గర పనికిరావు.

ఇక బాగుచేయడం. దయచేసి వడ్రంగికి గానీ ఫర్నిచర్ పాలిష్ వాళ్ళకు గానీ ఇవ్వకండి. నేను ఇచ్చాను. పాత వార్నిష్ తీయమంటే ఆయన గరుకు కాగితం పెట్టి ఆరు పలకల అంచులూ నున్నగా అరగదీసి, మెరుగుపెట్టి సంతోషంగా చేతికిచ్చాడు. చేవంతా పొడిగా రాలిపోయింది. చూడ్డానికి కొత్తదానిలా ఉండేది, రెండో చేపకే మధ్యలో విరిగింది. ఆ నష్టం డబ్బుది కాదు. డెబ్భై ఏళ్ళు నిలిచిన పనితనం నా చేతుల్లోకొచ్చి మూడు నెలల్లో పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. వార్నిష్‌ను చాకు వీపుతో గోకితే పొలుసులు వాటంతటవే లేస్తాయి. గట్టిగా అంటుకుని ఉన్నదాన్ని అలాగే వదిలేయండి.

దారం చిక్‌పేటలో చీర కుచ్చులకు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పట్టు అని ఇచ్చేది చాలాసార్లు పట్టు కాదు. ఒక పోగు కాల్చి చూడండి, వెంట్రుక కాలిన వాసన వస్తేనే పట్టు. ఉండను టీ కప్పులో వేసి, దారాన్ని బరువైన పుస్తకం పేజీల మధ్య నుంచి రానిస్తే బిగువు సరిగ్గా నిలుస్తుంది. నేను పాత తెలుగు నిఘంటువు వాడతాను. మొదటి కొసను ఆరేడు చుట్ల కింద తొక్కి, రెండు చేతులతో కర్రను తిప్పుతూ చుట్టు పక్కన చుట్టు వచ్చేలా పోండి. చివరి ఆరేడు చుట్లకు ముందు విడి దారంతో చేసిన ఉచ్చు ఒకటి పెట్టి దాని మీదుగానే చుట్టి, కొసను ఉచ్చులోకి దూర్చి లాగితే అది చుట్ల కిందికి వెళ్ళి దాక్కుంటుంది. ముడి కనపడదు. దాని మీద వార్నిష్ పలచగా మూడు పూతలు. మొదటి పూత పడగానే ఎర్రదారం ముదిరి, లోపలి వెదురు తేనెరంగులో కనిపించే క్షణం కోసమే నేను ఈ పని ఇంకొకరికి ఇవ్వను. వానాకాలంలో పూత వేయకండి, ఆరదు.

ఫెర్రూల్ ఊడితే ఎపాక్సీతో అతికించొద్దు, మళ్ళీ తీయాల్సొస్తే వెదురు చీలిపోతుంది. నేను కంసాలుల దగ్గర దొరికే లక్క కరిగించి పెడతాను. వేడి చూపిస్తే మళ్ళీ వదులుతుంది. వంపుకు హెయిర్ డ్రయ్యర్ చాలు. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడిచేసి, ఎదురు దిక్కుకు మెల్లగా వంచి చల్లారేదాకా పట్టుకోండి. ఆవిరి మాత్రం వద్దు, పాత బంక కరుగుతుంది.

చేపల సంగతి. 1952లో ఇంగ్లండ్‌లోని రెడ్‌మైర్ చెరువులో రిచర్డ్ వాకర్ 44 పౌన్ల కార్ప్‌ను పట్టింది స్ప్లిట్ కేన్ రాడ్‌తోనే. మనం బంగారుతీగ అనేది ఆ జాతినే. కాబట్టి ఈ రాడ్లు సుకుమారం అనుకోకండి. నేను హోస్కోట అవతల తెలిసినవాళ్ళ తోటలో కుంట దగ్గరికి వెళ్తాను. ఊరి చెరువులైతే గుత్తకు తీసుకున్నవాళ్ళను అడిగి వెళ్ళండి. ఎరకు రాగిముద్ద, కొంచెం బెల్లం. పోయిన సంక్రాంతికి రెండున్నర కిలోల బంగారుతీగ తగిలింది. కార్బన్ రాడ్ అయితే కొస మాత్రమే వంగేది. ఇది పిడి దాకా వంగి, చేప తల విదిలించిన ప్రతిసారీ ఆ అదురు అరచేతిలోని కార్క్ పిడిలో తెలిసింది. ఆడించేటప్పుడు మధ్యమధ్యలో రాడ్‌ను తిరగేసి పట్టుకుంటే ఒకవైపే వంపు పడదు. గాలం చెట్టువేరుకు చిక్కితే రాడ్‌తో లాగకండి, లైన్‌ను చేతికి గుడ్డ చుట్టుకుని లాగండి.

కావేరిలో ఉండే మహసీర్ అనే పెద్ద చేప మీద ఆశ పెట్టుకుని కొనకండి. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ 120 పౌన్ల చేప పట్టిన కథ ఇక్కడ అందరూ చెబుతారు. మూపు ఎత్తుగా ఉండే ఆ మహసీర్ కావేరిలో తప్ప ఎక్కడా లేదు, 2018 నుంచి అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. కావేరి అభయారణ్యంలో గాలం వేయనివ్వరు, అదే న్యాయం.

ఇంటికొచ్చాక ముక్కలను తుడిచి, గుడ్డసంచిలో పెట్టి బీరువాలో మేకుకు వేలాడదీయండి. తడిగా గొట్టంలో మూసిపెట్టొద్దు. ఎండలో కారులో అసలే వదలొద్దు. ఫెర్రూల్‌కు నూనె రాయక్కర్లేదు. ముక్కు పక్కన ఒకసారి రుద్ది దూర్చండి, ఆ జిడ్డు చాలు. ఆదివారం వెళ్ళేటప్పుడు టేపు, కాస్త దూది తీసుకెళ్ళండి. ఫెర్రూల్ ఫొటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను.