వేర్‌లో కొన్న పాత ఇంటి కథ రాయాలంటే

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంగ్లండ్‌లోని వేర్ పట్టణంలో మీరు కొన్న ఇంటి తాళాలు చేతికొచ్చాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఇంటి చరిత్ర రాయాలని ఉందంటూ నువ్వు పెట్టిన మెసేజ్ చూశాక నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో నేనున్న ఇన్నేళ్లలో సెలవులన్నీ ఈ పనికే పోయాయి. అందుకే చనువుగా నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా, డూమ్స్‌డే పుస్తకం జోలికి ఇప్పుడే వెళ్లకు. ఇంగ్లండ్ రాజు రాయించిన 1086 నాటి ఆ భూముల లెక్కల్లో నీ ఇల్లు దొరకదు. నీ చేతిలో ఉన్న దస్తావేజుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ వెనక్కి దిగు. అంతకంటే ముందు వీధిలో ఉన్న ముసలివాళ్ల దగ్గర కూర్చో. కాగితాలు ఎక్కడికీ పోవు, వాళ్లు అలా కాదు.

జనాభా లెక్కల్లో పేర్లు, వయసులు, వృత్తులు 1841 నుంచి దొరుకుతాయి. వందేళ్లు నిండితే గానీ బయటపెట్టరు కాబట్టి 1921వి ఈమధ్యే, 2022లో తెరిచారు. 1931వి అగ్ని ప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. ఆ లోటును 1939 రిజిస్టర్, అంటే యుద్ధం మొదట్లో ఇంటింటా రాసుకున్న జనం జాబితా, కొంత తీరుస్తుంది. ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయకు. 1861 లెక్కల్లో ఎడమ పక్క గడిలో ఉన్న అంకెను ఇంటి నంబరు అనుకున్నాను. అది లెక్క రాసేవాడు పంచిన ఫారం వరస నంబరు. దాన్ని నమ్మి రెండేళ్లు వేరే ఇంటివాళ్ల చరిత్ర తవ్వాను. లెక్క రాసినవాడు ఏ దారిన నడిచాడో పట్టుకోవాలి. మధ్యలో వచ్చే పబ్బుల పేర్లు గుర్తుపెట్టుకుంటే నీ ఇల్లు ఏదో తెలిసిపోతుంది. వృత్తి గడిలో ‘ఆగ్ ల్యాబ్’ అని కనిపిస్తే అది వ్యవసాయ కూలీ. ఆ కూలీల పేర్లు కూడా రాసుకో. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది ఒక కథ అయితే, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరన్నది ఇంకో కథ.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి టైథ్ మ్యాపులు. చర్చికి పంటలో పదోవంతు ఇచ్చే పద్ధతిని 1836 చట్టంతో డబ్బు రూపంలోకి మార్చారు. అందుకోసం ఊరూరా పటాలు గీసి, పక్కనే పట్టిక రాశారు. మన అడంగల్ చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. యజమాని ఎవరు, అనుభవంలో ఎవరున్నారు, చేను పేరేమిటి, దున్నే నేలా గడ్డి నేలా, విస్తీర్ణం ఎంత అన్నీ ఉంటాయి. కొలతలు ఎకరాలు, రూడ్లు, పెర్చ్‌లలో ఉంటాయి. కంగారుపడకు. నాలుగు రూడ్లు ఒక ఎకరం, అంటే రూడ్ మన పాతిక సెంట్లు. నలభై పెర్చ్‌లు ఒక రూడ్, అంటే నాలుగు పెర్చ్‌లు ఒక గుంట. ఈ లెక్క తెలిశాక ఆ పొలాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

వేర్‌లో ఇళ్ల కథనీ పొలాల కథనీ విడదీయలేం. చుట్టుపక్కల పండిన బార్లీ ఊళ్లోని మాల్టింగ్‌లకు చేరేది. మనం రాగులు మొలకెత్తించినట్టే అక్కడ బార్లీని నానబెట్టి, నేల మీద పరిచి మొలకెత్తించి, బట్టీలో ఆరబెట్టేవాళ్లు. ఆ మాల్ట్ లీ నది మీద పడవల్లో లండన్ బీరు తయారీదారులకు వెళ్లేది. కాబట్టి నీ పెరటి గోడ దళసరిగా, పొడుగ్గా ఉంటే అది పాత మాల్టింగ్ గోడేమో చూడు. ఇంకా దగ్గరి కాలం పొలాల గురించి కావాలంటే 1941-43 నాటి జాతీయ వ్యవసాయ సర్వే లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఎలుకల బెడద, కరెంటు, నీటి వసతి కూడా రాశారు. రైతులకు ఏ, బీ, సీ అని గ్రేడ్లు ఇచ్చారు, సీ అంటే అన్నిటికంటే తక్కువ. సీ వచ్చిన రైతు పేరు నువ్వు రాసేటప్పుడు జాగ్రత్త, వాళ్ల మనవలు ఆ ఊళ్లోనే ఉండొచ్చు.

హెర్ట్‌ఫర్డ్‌లోని కౌంటీ ఆర్కైవ్స్‌కి పెన్సిలు తీసుకెళ్లు, పెన్ను ఒప్పుకోరు. పాత వీలునామాల చేతిరాత చూడగానే టెన్షన్ వస్తుంది. చాలావాటికి మొదటి వాక్యం ‘ఇన్ ది నేమ్ ఆఫ్ గాడ్ ఆమెన్’. ఆ తెలిసిన మాటల్లోంచి ఒక్కో అక్షరం ఆకారం రాసుకో, వారంలో అలవాటవుతుంది. వీలునామాతో పాటు సామాన్ల జాబితా దొరికితే అదృష్టమే. చనిపోయినవాడి ఇరుగుపొరుగు గది గదీ తిరిగి మంచం, ఇత్తడి గిన్నె, బార్లీ గాదె దాకా వెల కట్టి రాసేవాళ్లు. ఇంకొకటి, 1752కి ముందు అక్కడ సంవత్సరాది మార్చి 25న వచ్చేది, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో. అందుకని 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకు అది 1721.

మీకు ఐదారు మైళ్ల దూరంలో, వాటన్ ఎట్ స్టోన్ దగ్గర వుడ్‌హాల్ పార్క్ ఉంది. దాన్ని కట్టించిన థామస్ రంబోల్డ్ 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నరు. మన ఉత్తర సర్కారుల జమీందార్లను మద్రాసుకు పిలిపించి శిస్తు ఖరారు చేసినవాడు అతనే. ఆ ఇంటి ముందు మొదటిసారి నిలబడినప్పుడు నాకు కాళ్లు కదల్లేదు. అల్లుడుగారితో కలిసి ఒకసారి వెళ్లి చూడు.

ఈలోగా ఒక పని చెయ్యి. ఆ వీధిలో చాలా ఇళ్లకు ముందువైపు ఇటుక కనిపించినా, లోపల అంతకంటే పాత కొయ్య చట్రం ఉంటుంది. టార్చి తీసుకుని అటక ఎక్కు. దూలాలు కలిసే చోట వడ్రంగులు ఏ కొయ్య ఎక్కడ అమర్చాలో గుర్తుగా చెక్కిన రోమన్ అంకెలు కనిపిస్తాయేమో వెతుకు. కనిపిస్తే వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న