రియాలిటీ షోల పిచ్చి ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. రియాలిటీ షో ఒక్కటీ వదలదు. ఇన్నాళ్లూ సరదాకే అనుకున్నాం. ఇప్పుడు అలాంటి షోలు తీసేచోటే పనిచేస్తానంటోంది, కుదిరితే ముందు ఆడిషన్‌కి వెళ్లి పాల్గొంటానంటోంది. మావారేమో ‘అదంతా ముందే రాసిపెట్టుకున్న నాటకం, అందులో నేర్చుకోడానికేముంది’ అని కొట్టిపారేస్తున్నారు. వీటిలో నిజంగా విషయం ఉందా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు కోరికలు ఒకే మూటలో ఉన్నాయి. తెర మీద కనిపించడం ఒకటి, తెర వెనక పనిచేయడం ఒకటి. రెండోది వృత్తి, ఏళ్ల తరబడి చేసుకోవచ్చు. మొదటిది కొన్ని వారాల వ్యవహారం. అది అయిపోయాక ‘ఇప్పుడేం చేయాలి’ అన్న ప్రశ్న మళ్లీ ఎదురుగానే ఉంటుంది. ఈ రెంటినీ మీ అమ్మాయి విడదీసుకుంటే సగం చిక్కు వీడినట్టే. ముందుగా మీవారి అభ్యంతరం చూద్దాం, అందులో కొంత నిజముంది కాబట్టి.

సాధారణంగా మాటలు రాసివ్వరు, పరిస్థితులు రాస్తారు. పదిమందికి ఎనిమిది మంచాలు వేస్తారు. నిద్ర చెడితే మండిపడే మనిషినీ, అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పే మనిషినీ ఒకే గదిలోకి పంపుతారు. ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, ఏదో ఒకటి జరిగి తీరుతుందని మాత్రం తీసేవాళ్లందరికీ తెలుసు. అసలు రచన షూటింగ్ అయ్యాక ఎడిటింగ్ గదిలో మొదలవుతుంది. ఈ కోవకు ఆద్యమని చెప్పుకునే ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ 1973లో ప్రసారమైంది. ఒక కుటుంబాన్ని సుమారు 300 గంటలు చిత్రీకరించి 12 భాగాలుగా, అంటే దాదాపు 12 గంటలకు కుదించారు. ప్రతి 25 గంటల్లో 24 గంటలు పక్కన పడేశారన్నమాట. మిగలాల్సిన ఆ ఒక్క గంట ఏదో తేల్చినవాళ్లే దాని రచయితలు. 2006లో ‘అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్’ అనే మోడళ్ల పోటీ షోలో ఇలా కథ అల్లే ఉద్యోగులు 12 మంది, రచయితల సంఘం రక్షణ తమకూ కావాలని సమ్మెకు దిగారు. కాబట్టి మీవారు ‘రాసినది’ అన్నంతవరకూ ఒప్పుకోవచ్చు. ‘ముందే’ అన్నదే సరికాదు.

మరి గెలుపు? 1950లలో అమెరికాలో క్విజ్ పోటీలకు జవాబులు ముందే చెప్పి ఆడించారని బయటపడి పెద్ద గొడవైంది. దాంతో తెలివికి, నైపుణ్యానికి, అదృష్టానికి సంబంధించిన ప్రసార పోటీల ఫలితాన్ని తారుమారు చేసి ప్రేక్షకులను మోసగించడం నేరమని అక్కడ 1960లో చట్టం చేశారు. అయితే ఆ చట్టం ఫలితానికే కాపలా కాస్తుంది. ఓడిన మనిషిని పొగరుబోతుగా చూపించారా, అమాయకుడిగా చూపించారా అన్నది దానికి పట్టదు.

జనం ఎందుకు చూస్తారన్నది మీ అమ్మాయి బాగా ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే రేపు ఆమె తయారుచేయాల్సింది ఆ ‘ఎందుకు’నే. దీవిలో వదిలేసిన పోటీదారులు ఓట్లు వేసి ఒకరినొకరు బయటికి పంపుకునే ‘సర్వైవర్’ షో అమెరికన్ మొదటి సీజన్ తీసుకోండి. 2000 ఆగస్టులో దాని ముగింపును 5 కోట్ల మందికి పైగా చూశారు. దీవి, ఆకలి, పురుగులు అన్నీ అలంకారాలే. అసలు కీలకం ఓటింగ్ అమరికలో ఉంది. 16 మంది, 39 రోజులు. ఉండాలంటే పదిమందితో కలిసిపోవాలి, గెలవాలంటే ఆ పదిమందినే ఒక్కొక్కరిగా బయటికి పంపాలి. చివర్లో విజేతను తేల్చేది అలా బయటికి వెళ్లినవాళ్లే. నిన్ను సాగనంపినవాడికి నువ్వే పట్టం కట్టాలి! ఒక్క నియమంతో ప్రతి నవ్వులోనూ అనుమానం పుట్టించారు. నియమాలు ఇంత బిగువుగా లేని షోలలో నిర్వాహకులు గట్టిగా అరిచి, సంగీతం పెంచి ఆ లోటు పూడ్చుకుంటారు. వాటిని చూడగానే పోల్చుకోవచ్చు.

రెండో ఆకర్షణ, ఆటగాడికి తెలియనిది మనకు తెలియడం. పక్క గదిలో జరిగిన కుట్ర మనం విన్నాం, పాపం అతను వినలేదు. మూడోది, మనకేమీ నష్టం లేకుండా తీర్పులు చెప్పే సుఖం. 2004లో స్టీవెన్ రైస్, జేమ్స్ విల్ట్జ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఈ షోలు ఎక్కువగా చూసేవారిలో ‘నేనూ ఒక లెక్కలో మనిషినే’ అనిపించుకోవాలన్న తపన బలంగా కనిపించింది. మామూలు మనిషి తెర మీద వెలిగితే చూసేవాడికీ కాస్త ఎత్తు పెరిగినట్టుంటుంది కదా.

మంచి ఉందా అంటే, నైపుణ్యం మీద నడిచే పోటీల్లో తప్పకుండా ఉంది. కుండలు చేసే పోటీలో పాత్ర బట్టీలో పగిలిందనుకోండి. మంచి షో అయితే గంట ముందే అడుగుభాగం మందంగా, గోడలు పల్చగా వదిలేసిన షాట్ చూపిస్తుంది. మందం ఎక్కువున్నచోట తేమ మిగిలిపోయింది, వేడికి అదే ఆవిరై చీల్చింది. చూసినవాడికి కారణం తెలిసింది. నాసిరకం షో పగిలిన ముక్కలూ కన్నీళ్లూ చూపించి ఊరుకుంటుంది. మనుషుల్ని ఒకచోట బంధించి నడిపేవాటిలో నేర్చుకునేది తక్కువ, గమనించేది ఎక్కువ.

ఇక ఉద్యోగాలు. కెమెరా, లైటింగ్ గురించి అందరికీ తెలుసు కాబట్టి తెలియనివి చెబుతాను. పోటీదారులను వెతికే కాస్టింగ్ బృందం ఒకటి. వేల దరఖాస్తులు జల్లెడపట్టి, ఫోన్లో మాట్లాడి, ఎవరు ఎవరితో పొసగరో ముందే పసిగట్టాలి. సెట్ మీద ఫీల్డ్ ప్రొడ్యూసర్ ఉంటారు, పోటీదారుల చేత కెమెరా ముందు ఒంటరిగా మాట్లాడించే పని వాళ్లది. ఫుటేజ్ మొత్తం చూసి ఏ నిమిషంలో ఏముందో రాసే లాగర్, ఆ రాతలను బట్టి ఎపిసోడ్ కథ అల్లే స్టోరీ ప్రొడ్యూసర్, దాన్ని కోసి కుట్టే ఎడిటర్. ధ్వని విభాగాన్ని చాలామంది పిల్లలు అసలు తలుచుకోరు. ఇరవై మంది చొక్కాలకు మైకులు తగిలించి, ఏ ఇద్దరు గుసగుసలాడినా పట్టుకోవడం చిన్న పని కాదు. బొమ్మ మసకగా ఉన్నా షో నడుస్తుంది, మాట వినపడకపోతే నడవదు.

కొత్తవాళ్లు అడుగుపెట్టే గుమ్మాలలో మీ అమ్మాయికి నప్పేది లాగర్ పని. అందులో ఏం చేస్తారో ఒక ఉదాహరణ. ఒక పోటీదారు ఒంటరిగా మాట్లాడుతూ ‘నాకు కోపం రాలేదు... అని చెప్పను’ అంది. మధ్యలో చిన్న విరామం. వచ్చిందనే ఆమె ఉద్దేశం. ‘అని చెప్పను’ కోసేస్తే ‘నాకు కోపం రాలేదు’ మిగులుతుంది, అర్థం తలకిందులైంది. అదే ఆమె గుక్క తిప్పుకోకుండా ‘రాలేదని చెప్పను’ అనుంటే ఈ పప్పులు ఉడకవు. సంధిలో ‘దు’ కొమ్ము పోయింది కాబట్టి అక్కడ కోస్తే ‘రాలేద’ అని మొండిగా ఆగుతుంది, చెవి ఇట్టే పట్టేస్తుంది. అప్పుడు ఆమె ఇంకెక్కడో అన్న ‘లేదు’ తెచ్చి అతికిస్తారు. అతుకు కనపడకుండా ఆ క్షణంలో ఆమె మొహం తప్పించి, పక్కవాళ్లు తలెత్తి చూస్తున్న షాట్ వేస్తారు. ఇలా ముక్కలు కలిపిన మాటను ఆ రంగంలో ఫ్రాంకెన్‌బైట్ అంటారు. గంటసేపు సాగదీసిన మాటను పొట్టి చేయడానికి వాడితే తప్పు లేదు. అననిది అనిపించడానికి వాడితే అది మోసమే. లాగర్ తన పట్టికలో ఆ నిమిషం ఎదురుగా ‘కోపం వచ్చిందనే అర్థం’ అని రాసిపెడితే, పై వాళ్లు తెలియక చేశామని తప్పుకోవడానికి వీలుండదు.

మీ అమ్మాయికి ఆసక్తి ఉన్నది షోలు చూడడం మీదా, తయారుచేయడం మీదా? తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆమె ఇప్పటికే చూసేసిన 45 నిమిషాల ఎపిసోడ్ ఒకటి తీసుకోమనండి. మొదటిసారి శబ్దం ఆపి చూడాలి. ప్రతి సన్నివేశం ఏ నిమిషంలో మొదలై ఎక్కడ ముగిసిందో, ఎవరెవరు ఉన్నారో, బట్టలు, జుట్టు మారాయో లేదో రాయాలి. ‘అదే రోజు’ అని చూపించిన రెండు షాట్లలో ఒకదాంట్లో జుట్టు తడిగా, ఇంకోదాంట్లో పొడిగా ఉంటే వరుస మార్చారేమోనని అనుమానించాలి. రెండోసారి శబ్దంతో చూస్తూ, మాట వినపడుతున్నా మాట్లాడే మొహం కనపడని చోట్లన్నీ గుర్తుపెట్టాలి. అన్నీ అతుకులు కావు గానీ, అతుకులు దొరికేది ఎక్కువగా అక్కడే. మూడోసారి ప్రకటనల విరామాలే చూడాలి. ప్రతి విరామానికి ముందు మనల్ని ఏ ప్రశ్న దగ్గర ఆపారు, తర్వాత జవాబు చెప్పారా, తుస్సుమనిపించారా? ఇలా వేర్వేరు షోలవి మూడు ఎపిసోడ్లు. రెండో ఎపిసోడ్‌కే విసుగొస్తే షోలు ఆమెకు మంచి కాలక్షేపం, అలాగే ఉండనివ్వండి. మూడోది అయ్యాక నాలుగోది అడిగితే విషయం ఉంది.

ఆ తర్వాత సొంతంగా చేయాలి. స్నేహితులు నలుగురు కలిసి చేసే ఏదో ఒక పని, గది సర్దడమో, బొమ్మ బిగించడమో, రెండు గంటలు ఫోన్‌తో తీయాలి. మొదట అందరి దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి, ఇది ఇప్పుడే అలవాటవ్వాలి. తీసినదంతా లాగ్ చేసి 5 నిమిషాలకు కోయాలి. కొత్తవాళ్లకు గంట ఫుటేజ్ రాయడానికి మూడు గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు. మొదటి ప్రయత్నం దాదాపు ఖాయంగా చెడుతుంది, అదీ మూడు చోట్ల. ఫోన్ దూరంగా ఉండి మాటలకంటే ఫ్యాన్ ఎక్కువ వినపడుతుంది. మాట్లాడేవాళ్లనే తీసి, వినేవాళ్ల మొహాలు తీయకపోవడంతో కోసినచోట కప్పడానికి ఏమీ ఉండదు. ఎవరో గదిలోకి రావడం, వెళ్లిపోవడం తీయరు, ఎడిట్‌లో మనుషులు గాల్లోంచి ఊడిపడతారు. రెండోసారి ఈ మూడూ సరిచేసుకుంటే చాలు.

పని తీరు గురించి ఇంట్లో దాపరికం లేకుండా మాట్లాడుకోండి. ఉద్యోగం సీజన్ లెక్కన ఉంటుంది, షో అయిపోతే కాంట్రాక్టూ అయిపోతుంది. నడుస్తున్నప్పుడు రోజుకు 12 గంటలు, రాత్రి షిఫ్టులు మామూలే. సీజన్‌కీ సీజన్‌కీ మధ్య ఖాళీ నెలలు వస్తాయి. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి చేతికి వచ్చేలా నేర్చుకోవడం మంచిది, ఖాళీ నెలల్లో వేరే రకం వీడియో పనులు చేసుకోవచ్చు. ఏ డిగ్రీ చదివిందన్నది పెద్ద అడ్డంకి కాదు. చివరి ఏడాది మాత్రం ఆపేయనివ్వకండి, షో తర్వాత షో వస్తూనే ఉంటుంది.

ఆడిషన్‌కి వెళ్లాల్సిందేనంటే వెళ్లనివ్వండి, కానీ డబ్బు కట్టమన్నారంటే అక్కడితో ఆపేయాలి. ఎంపికైతే ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకుని, సంతకానికి ముందు లాయరుకు చూపించాలి. ‘ఇక్కడే, ఇప్పుడే’ అని తొందరపెట్టడమే ఒక హెచ్చరిక. తనను ఎలా చూపించినా అభ్యంతరం చెప్పనన్న నిబంధన ఎంత దూరం వెళుతోంది? షో అయ్యాక ఎన్నాళ్లు వేరేచోట పనిచేయకూడదు, సంపాదనలో వాటా అడుగుతున్నారా? మధ్యలో వచ్చేస్తే ఏం కట్టాలి? రహస్యం బయటపెడితే ఎంత జరిమానా? ఇంకో ముఖ్యమైన సంగతి. సెట్ మీద ఉండే మానసిక నిపుణులు పోటీదారు చెప్పింది నిర్మాతలకు చేరవేస్తారా, లేక గోప్యంగా ఉంచుతారా? ప్రసారం అయ్యాక కూడా అందుబాటులో ఉంటారా? బ్రిటన్‌లో పాల్గొనేవారి క్షేమం చూడాల్సిన బాధ్యత ప్రసారకర్తలదేనని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021లో నిబంధనలు తెచ్చింది. అలాంటి నిబంధన లేనిచోట దాన్ని ఒప్పందంలోనే అడిగి రాయించుకోవాలి. ఇంట్లోవాళ్ల ఫొటోలు, ఇంటర్వ్యూలు కూడా అడుగుతారు, ఆ సంతకం మీది. ఇష్టం లేకపోతే చేయకండి.

తెర వెనక పనికి దరఖాస్తు పంపేటప్పుడు ‘నాకు రియాలిటీ షోలంటే ప్రాణం’ అని రాయవద్దని చెప్పండి, వచ్చే ప్రతి దరఖాస్తులోనూ అదే ఉంటుంది. ఆ మూడు ఎపిసోడ్లలో ఒకదాని లాగ్ ఒక్క పేజీ, తను కోసిన 5 నిమిషాల వీడియో, ఆ వీడియోలో ఏ రెండు చోట్ల మాటలు కుదించిందో, ఎందుకు కుదించిందో నాలుగు వాక్యాలు. అవి పంపితే చాలు.