పాటలు కట్టే మనిషిని ‘వాగ్గేయకారుడు’ అనవచ్చా?

సందేహం: మా ఊళ్లో ఏళ్ల తరబడి పాటలు కట్టి పాడుతున్న పెద్దమనిషికి సన్మానం తలపెట్టాం. ఆహ్వాన పత్రికలో ఆయన పేరు ముందు ‘ప్రజా వాగ్గేయకారుడు’ అని వేయబోతే సంగీతం చెప్పే మాస్టారు ఒకరు ఒప్పుకోలేదు. “ఆ మాట అన్నమయ్యకూ త్యాగయ్యకూ చెల్లుతుంది. ఈయన బడికి పోలేదు, రాగాల పేర్లు తెలియవు, బాణీలు కూడా పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నవే. ‘జానపద గాయకుడు’ అంటే చాలు” అన్నారు. ఏది సరైనది? ఇంకో చిన్న అనుమానం: పాట ‘రాశాడు’ అనాలా, ‘కట్టాడు’ అనాలా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

సమాధానం: మాటలూ పాడే తీరూ ఆయన కూర్చుకున్నవే అయితే ‘వాగ్గేయకారుడు’ అని నిస్సంకోచంగా వేయండి. మాస్టారు సూచించిన ‘జానపద గాయకుడు’ మాత్రం ఆయన విషయంలో సరికాదు. ఈ అభ్యంతరం మీ ఊరితో పుట్టిందీ కాదు, మీ ఊరితో పోయేదీ కాదు. గద్దర్‌నూ గోరటి వెంకన్ననూ ఈ మాటతో పిలిచినప్పుడల్లా నొసలు చిట్లించినవాళ్లు ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దేవగిరి యాదవరాజు సింఘణుడి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దిలో రాసిన ‘సంగీతరత్నాకరం’లో ఈ మాటకు నిర్వచనం ఉంది.

వాఙ్మాతురుచ్యతే గేయం ధాతురిత్యభిధీయతే
వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః

పాటలోని మాటకు ‘మాతువు’ అని పేరు, బాణీకి ‘ధాతువు’ అని పేరు. ఆ రెండూ చేసేవాడు వాగ్గేయకారుడు. నిర్వచనం అంతే. చేసే పనిని బట్టి వచ్చిన పేరు ఇది. ఏ గురువు దగ్గర నేర్చాడు, ఏ దేవుడి మీద పాడాడు, అక్షరం వచ్చా రాదా అన్న ప్రశ్నలేవీ ఇందులో లేవు.

మాస్టారి మాటకు ఆధారం బొత్తిగా లేదని అనను. ఆ శ్లోకం తర్వాత శార్ఙ్గదేవుడు పెద్ద జాబితా ఇచ్చాడు: వ్యాకరణం తెలియాలి, నిఘంటువులో ప్రవీణుడై ఉండాలి, ఛందోభేదాలు, అలంకారాలు, రసభావాలు, అనేక భాషలు, లయతాళాలు తెలియాలి, శారీరం, అంటే గొంతు, హృద్యంగా ఉండాలి. ఇది చదివి మీ ఊరి పెద్దమనిషిని చూస్తే మాస్టారికి దూరం కనిపించడం సహజమే. కానీ జాబితా చివర శాస్త్రకారుడు అన్నమాట ‘వరో వాగ్గేయకారకః’. ఈ గుణాలన్నీ ఉన్నవాడు వాగ్గేయకారుల్లో శ్రేష్ఠుడు అని అర్థం. ఆ వెంటనే మధ్యముణ్నీ అధముణ్నీ కూడా లెక్కించాడు. మాట బాగా కుదిరి బాణీ మందంగా ఉంటే వాడు అధముడు అన్నాడు. అధముడని తేల్చాడే తప్ప వాగ్గేయకారుడు కాడనలేదు. మన సంగీత సభల్లోనూ సాహిత్య సభల్లోనూ జరుగుతున్న పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది. శ్రేష్ఠుడికి చెప్పిన లక్షణాలను తెచ్చి గుమ్మం దగ్గర పెడుతున్నాం. పాట గొప్పదా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఆ వాదం కావాలి కూడా. దాన్ని చేసిన మనిషికి చేసినవాడన్న పేరే ఇవ్వకపోవడం అన్యాయం.

పనిలో పనిగా ఆ జాబితాలో తక్కువమంది చెప్పుకునే గుణాలు కూడా చూడండి. దేశీరాగాలతో పరిచయం ఉండాలన్నాడు. ఎదుటివారి మనసు తెలియాలన్నాడు. త్వరగా గీతం కట్టగలగాలన్నాడు. రోషద్వేషాలు వదలాలన్నాడు. ఊరి పొలిమేరలో పొద్దున జరిగిన సంగతి మీద సాయంత్రానికి పాట సిద్ధం చేసి, అంతమందినీ కదిలించగలిగినవాడికి వీటిలో కొన్నైనా లేవని ఎవరనగలరు?

ఇక గట్టిగా ఆలోచించవలసింది బాణీ సంగతి. ఇతరుల ధాతువుకు మాటలు కూర్చేవాణ్ని శార్ఙ్గదేవుడు ‘కుట్టికారుడు’ అని విడిగా పిలిచాడు. ఆ లెక్కన, సంగీత దర్శకుడు ఇచ్చిన ట్యూనుకు పాట రాసిన సినిమా కవి ఆ పాట వరకు వాగ్గేయకారుడు కాడు, గేయ రచయిత. అది చిన్న పేరేమీ కాదు. మరి పల్లె బాణీలో పాట కట్టినవాడు కుట్టికారుడేనా? నేను కాదంటాను. కుట్టికారుణ్ని చెప్పిన శ్లోకంలో ఉన్న మాట ‘అన్యధాతువు’, అంటే మరొకరి బాణీ. నాట్ల పాటల తీరుకూ కోలాటం నడకకూ ఆ ‘మరొకరు’ ఎవరు? అది ఊరందరి సొమ్ము. పాడేవాడు పల్లవిని ఒకచోట సాగదీసి, చరణం చివర విరుపు మార్చి, దరువు పెంచి తన పాటకు తగినట్టు దాన్ని మళ్లీ చేసుకుంటాడు. ఒకే రాగంలో వంద కృతులు వచ్చినా రాగం అరువు తెచ్చారని మనం ఎవరినీ తప్పుపట్టం.

అన్నమయ్య జాజర పదాలు, గొబ్బి పదాలు, సువ్వి పాటలు చెప్పాడు. ఇవన్నీ ఆడవాళ్లూ పనిపాటలవాళ్లూ పాడుకునే తీరులే. కాకతీయుల కాలంలోనే పాల్కురికి సోమన ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ ఇలాంటివాటిని వరసగా పేర్కొన్నాడు. ఇంకొకటి ఉంది. రాగిరేకుల మీద అన్నమయ్య సంకీర్తనలకు రాగం పేరు చెక్కారు గాని స్వరం చెక్కలేదు. మనం ఇవాళ వింటున్న బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు గత శతాబ్దిలోనూ ఆ తర్వాతా కూర్చినవి. అయినా అన్నమయ్యను వాగ్గేయకారుడనడానికి ఎవరూ సందేహించరు, సందేహించకూడదు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటినే నోట్టుస్వరాలంటారు. ‘సంతతం పాహి మాం’ బ్రిటిష్ రాజగీతం బాణీలో నడుస్తుంది. సూత్రాన్ని అక్షరాలా పట్టుకుంటే ఆ కీర్తనల వరకు దీక్షితులవారు కుట్టికారులు కావాలి! పెద్దల దగ్గర సడలించిన సూత్రాన్ని బడికి పోని మనిషి దగ్గర బిగించడం న్యాయం కాదు. చరణాలన్నీ ఒకే వరసలో సాగుతాయన్న ఫిర్యాదూ కొందరు చేస్తారు. త్యాగయ్య దివ్యనామ కీర్తనల్లో కూడా చరణాలన్నిటికీ ఒకటే ధాతువు. నలుగురూ కలిసి పాడే పాటకు అది అవసరం.

తెలుగులో ఈ చులకన కొత్తది కాదు. పాడుకోవడానికి వీలైన రెండు పాదాల దేశి ఛందస్సు ద్విపదను ముదిలంజతో, అంటే ముసలి వేశ్యతో, పోల్చి ఈసడించినవారు ఉన్నారు. రంగనాథ రామాయణం ద్విపదలోనే ఉంది. అన్నమయ్య ఇల్లాలు తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది మంజరీ ద్విపదలోనే. ఇటీవలి సంగతి చూస్తే, గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాటల పుస్తకాన్ని కవిత్వంగానే లెక్కించి ఇచ్చారు. బడి మెట్లెక్కని అందెశ్రీ పాట ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైంది. దాన్ని అధికారికంగా వినిపించిన రూపానికి సంగీతం కీరవాణి సమకూర్చారు. కాబట్టి ఆ రూపం గురించి రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ చెప్పాలి. అందెశ్రీ సొంతంగా కట్టి, గొంతెత్తి పాడిన పాటల విషయంలో ఆయన వాగ్గేయకారుడే.

‘జానపద గాయకుడు’ ఎందుకు సరికాదంటే, అందులో రెండు మాటలూ ఆయన పనిని తగ్గిస్తున్నాయి. గాయకుడంటే పాడేవాడు, ఆ పాట చేసింది ఎవరో చెప్పదు. జానపద గేయమంటే కర్త ఎవరో తెలియక, నోటి నుంచి నోటికి నడిచి వచ్చినది. మీ ఊరి ఆయన కళ్లెదుట ఉన్నారు, పాట ఆయనది. దాన్ని జానపదం అనడమంటే కర్త బతికి ఉండగానే ఆయన పేరు చెరిపేయడం. ‘జానపద బాణీలో పాటలు కట్టినవారు’ అంటే నాకు అభ్యంతరం లేదు. ఇదే పక్షపాతం పత్రికల భాషలోనూ కనిపిస్తుంది. వీణకు, మృదంగానికి, నాదస్వరానికి ‘విద్వాంసుడు’ అంటారు. డప్పుకు, ఒగ్గుకు, కిన్నెరకు వచ్చేసరికి ‘కళాకారుడు’ అవుతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న మొగిలయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. ‘కిన్నెర విద్వాంసుడు’ అనడానికి వ్యాకరణం అడ్డు రాదు, విద్యా అడ్డు రాదు. అడ్డు వచ్చేది మన అలవాటు. నా మటుకు నేను అలాగే రాస్తాను, మీరూ రాయండి.

అలాగని పాడే ప్రతివారికీ ‘వాగ్గేయకారుడు’ తగిలించవద్దు. టీవీల్లో ఇది ఎక్కువైంది. ఇతరుల పాటలను ఎంత గొప్పగా పాడినా వారు గాయకులే. అలా విచ్చలవిడిగా వాడితే నిజంగా పాట చేసినవాడికే నష్టం.

‘రాశాడు’, ‘కట్టాడు’ రెండూ వాడుకలో ఉన్నాయి. కాగితం మీద పెట్టినదానికి రాశాడనండి. మీరు చెప్పిన మనిషికి మాత్రం ‘కట్టాడు’ బాగా అమరుతుంది. పాట కట్టడం అంటాం, బాణీ కట్టడం అంటాం. ఒకే క్రియ మాటకూ వరసకూ సరిపోతుంది. అంటే సంస్కృతం రెండు పదాలు కలిపి చెప్పినదాన్ని మన పల్లె తెలుగు ఒక్క క్రియతో చెబుతోంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకామె అప్పటికప్పుడు తన ఊరి సంగతి చేర్చి వరస అందుకుంటే, తక్కినవాళ్లు ‘ఉయ్యాలో’ అని తిప్పి పాడతారు. ఆమె ఏమీ రాయలేదు, పాట మాత్రం కట్టింది. ఆమెనూ ‘వాగ్గేయకారిణి’ అనవచ్చు.

అచ్చుకు ఇచ్చేముందు వర్ణక్రమం ఒకసారి చూసుకోండి. ‘వాగ్యేయకారుడు’ అని యవత్తుతో తరచు పడుతోంది, అది తప్పు. వాక్ + గేయ కలిసి ‘వాగ్గేయ’ అయింది కాబట్టి గకు గవత్తే ఉండాలి.